మా ఇంటి గొర్రెపిల్ల

గాజుపెట్టె కిటికీ తెరిచి చెయ్యి లోపల పెట్టగానే వెచ్చటి పాలవాసన వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన సిపాయిల బిడ్డలు, నా అరచేతికంటే కొంచెం పెద్దవాళ్ళు, అందులో పడుకొని ఊపిరి తీయడం నేర్చుకుంటూ ఉంటారు. ఈ సైనికాసుపత్రిలో ఇన్నేళ్ళుగా నర్సుగా చేస్తున్నా, ఆ వాసన తగిలితే చాలు, నల్లమాడ పక్కన మా పల్లెలో మా ఇంటి గడపలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

నా చిన్నప్పుడు ఒక ఏడు వాన మొహం చాటేసింది. చెనిక్కాయ చెట్లు పీకితే కాయలకంటే మట్టే ఎక్కువ వచ్చింది. పచ్చికాయలు ఉడికే వాసన, గొర్రెల మంద తిరిగొచ్చే సాయంత్రపు దుమ్ము, ఊరుబిండి నంజుకున్న సంగటి ముద్ద, పొట్టు కుప్పల మీద మా దొర్లుళ్ళు, వీటి మధ్య, ఇంకా రెండు నెలలుండగానే తమ్ముడు పుట్టేశాడు. ఎలుకపిల్లంత ఉన్నాడంటే మీరు నమ్మరు. నేను చెప్పేవాటిలో సగం నమ్మొద్దని మా ఆయన కూడా అంటారు గానీ, ఇది రెండో సగంలోది.

అవ్వ గంపలో గొర్రెబొచ్చు పరిచి, వాణ్ణి పడుకోబెట్టి, గొంగడి కప్పి, దూదివత్తితో అమ్మపాలు చుక్కచుక్కగా నోట్లో పిండేది. బిడ్డ ఉన్నాడని పైకి అంటే చావు వింటుందని ఆమె నమ్మకం. అందుకే కోతలు కోయడంలో ఊరంతా పేరుపడ్డ నన్ను గడపలో కూర్చోబెట్టి, "యెవురడిగినా గొర్రెపిల్ల అని చెప్పుమే, లోపలికి మాత్రం రానీయొద్దు," అంది.

నాకంతకంటే పండగేముంది! పక్కింటి లచ్చుమక్క బెల్లం ఓళిగలు తెచ్చి తొంగిచూడబోతే కాళ్ళు అడ్డం చాపి, "లోపల గొర్రెపిల్ల ఉండాదక్కా. తోడేలు ఎత్తకపోతాంటే మా నాయన తోక పట్టుకొని గుంజినాడు, తోక ఊడి ఇంకా నాయన చేతిలోనే ఉండాది," అన్నాను. ఆమె ఓళిగలు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి వీధి వీధంతా గోడల మీదుగా ఒకటే అడగడం, "మీ గొర్రెపిల్ల పాలు తాగినాదా?", "దానికి సలి పెడతాందేమో సూడండే!" అని. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళు గడప దరిదాపులకే రాలేదు. అందరికీ అసలు సంగతి తెలుసని నాకొక్కదానికే తెలియదు.

ఒకరోజు పొద్దున వాడు పాలు మింగలేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. లోపల అవ్వ వాడి వీపు రుద్దుతోంది, అరికాళ్ళు గిల్లుతోంది. నా మొహం చూసి లచ్చుమక్క గడప ముందే ఆగిపోయింది.

"ఏమైనాదే గొర్రెపిల్లకు?"

ఒక్క అబద్ధమూ నోటికి రాలేదు. "కదల్లేదక్కా," అన్నాను.

అంతలో లోపలి నుంచి ఏడుపు వినిపించింది. సన్నగా, గుక్కపట్టి, ఏ గొర్రెకూ చేతకాని ఏడుపు. లచ్చుమక్క కొంగుతో కళ్ళు తుడుచుకొని, "ఏమప్పా, మీ గొర్రె భలే అరుస్తాండాదే!" అంది.

ఆ గొర్రె ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఆటో తోలుతున్నాడు. ఆరడుగులు, నా లెక్కలో ఏడు. అవ్వ లేదు, లచ్చుమక్క లేదు, మందలు అమ్ముకున్నారు, గొంగళ్ళు నేసేవాళ్ళు మా వైపు కనబడరు. బిడ్డ మాటెత్తకుండా బిడ్డ క్షేమం కనుక్కునే ఆ వీధి కూడా లేదు. ఇక్కడ సరిహద్దు నుంచి వచ్చిన సిపాయి, బూట్ల దుమ్మయినా దులుపుకోకుండా వార్డు తలుపు ముందు నిలబడి, "బతుకుతాడా సిస్టర్?" అని సూటిగా అడుగుతాడు. ఇన్ని కోతలు కోసినదాన్ని, అక్కడ మాత్రం గొర్రెపిల్ల కథ చెప్పను.

"చేతులు కడుక్కొని రా నాయనా," అంటాను. "ముందు నీ బిడ్డను తాకుదువు గానీ."