మా ఇంటిపేరు చివర దీర్ఘం

ఆ రోజుల్లో అంటే మరీ ముసలివాడి మాటలా ఉంటుంది గానీ, నిజానికి ఎంతో కాలం కాలేదు. అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, అందరూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఒకరికొకరు పంపుకుంటున్నారు. నేను రాజమండ్రిలో ఒక ఫ్లెక్సీల షాపులో కొత్తగా చేరాను. పుట్టినరోజులకీ, పెళ్లిళ్లకీ, సంతాపాలకీ పేర్లు టైపు చెయ్యడం నా పని. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా జనం షాపు మీదకొచ్చి ఎలా తిడతారో చేరిన కొత్తలోనే రుచి చూశాను కాబట్టి, ఈ గోదావరి జిల్లాల్లో పేర్ల సంగతి నాకు తెలిసినంత ఇంకెవడికీ తెలియదని గట్టి నమ్మకం ఉండేది. (ఆ వయసులో జీతం కన్నా నమ్మకాలే ఎక్కువ ఉంటాయి.)

మా ఇంటిపేరు దున్నా. చివర దీర్ఘం ఉంది. అది తీసేస్తే ఏమవుతుందో తెలుగు వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా వంశానికీ పశువుల పాకకీ మధ్య అడ్డంగా నిలబడి ఉన్నది ఆ ఒక్క దీర్ఘమే. పోనీ పేరు పెట్టి పిలిపించుకుందామా అంటే మా తాతయ్య పేరు సత్యనారాయణ. అన్నవరం దగ్గర్లో ఉన్న పుణ్యమా అని మా వైపు ఇంటికో సత్యనారాయణ ఉంటాడు. సంతలో ఆ పేరు పిలిస్తే సగం సంత వెనక్కి తిరుగుతుంది. అంచేత ఆయనకి ఇంటిపేరే గతి. తాతయ్య మా లంక నుంచి పిల్లల్ని గోదావరి పాయ దాటించి హైస్కూలుకి చేర్చే పడవ నడిపేవారు. వంతెన వచ్చేదాకా బడికి అదే దారి. పిల్లలు ఊరుకుంటారా, దానికి 'దున్న పడవ' అని పేరు పెట్టారు. "దున్న వచ్చేసిందిరా, పదండి" అని రేవంతా ఒకటే కేకలు. తాతయ్య నవ్వుతూ గెడ వేసుకుంటూ పోయేవారు. ఆ మాట ఆయనకి లోపల ఎంత గుచ్చుకుందో సన్మానం సంగతి వచ్చేదాకా మాకెవరికీ తెలియలేదు.

ఆ హైస్కూలు పాత విద్యార్థులంతా కలిసి రామచంద్రపురంలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని సభ పెట్టారు. తమని పడవలో బడికి చేర్చిన తాతయ్యకి శాలువా కప్పాలని అనుకున్నారట, వాళ్ల కార్యదర్శిగారు స్వయంగా ఇంటికొచ్చి పిలిచారు. తాతయ్య చాలాసేపు భుజం మీద తువ్వాలు తీసి మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. "శాలువాలూ అవీ ఎందుకులెండి. నన్ను దున్న, దున్న అన్న పిల్లలే గదండి ఆళ్లంతా. ఆళ్లందరి ముందూ నా ఇంటిపేరు దీర్ఘం పెట్టి మైకులో సరిగ్గా అనిపించండి. అలాగైతే వత్తానండి. లేపోతే రానండి" అన్నారు.

కార్యదర్శిగారు తెల్లబోయారు. నేనూ తెల్లబోయాను. నవ్వడం తప్ప ఎరగని మనిషి ఇంత కాలం ఇంత మాట కడుపులో పెట్టుకున్నారని అప్పుడే తెలిసింది. నా నోట వచ్చిన మొదటి మాట "ఆ పూచీ నాది తాతయ్యా" అని. ఎవరూ అడక్కుండానే తగుదునమ్మా అని దూకాను.

మైకు పట్టుకోవడానికి రాజమండ్రి నుంచి ఒక యాంకరమ్మాయిని మాట్లాడారు. గొంతు బంగారం. చదువంతా ఎక్కడో బయట జరిగింది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నేను పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పంపగానే ఫోన్ చేసింది. "సర్, ఇది దున్నపోతులో దున్నే కదా?" అంది. "కాదండీ బాబూ. దున్న కాదు, దున్నా. నోరు పూర్తిగా తెరవాలి." "దున్న." "దున్నా అండి." "దున్నాఅండి." "అండి అందులోది కాదండి, అది మర్యాదకండి." "ఓకే సర్, మర్యాద లేకుండా ఎలా అనాలి?" ఇలా ఆ అమ్మాయీ నేనూ చాలాసేపు కుస్తీ పట్టాం. చివరికి నా తెలివంతా కూడగట్టుకుని, ఇంక పొరపాటన్నది జరగడానికి వీల్లేకుండా, చక్కటి తెలుగు అక్షరాల్లో మెసేజ్ పెట్టాను: 'దున్న కాదు, దున్నా సత్యనారాయణ గారు.' ఆ అమ్మాయి బొటనవేలు బొమ్మ పంపింది. నేను ఫ్లెక్సీలో కూడా ఆ దీర్ఘం కాస్త పెద్దగానే పెట్టించి నిశ్చింతగా ఉన్నాను.

కార్యదర్శిగారికి కవిత్వం పిచ్చి ఉందని నాకేం తెలుసు? వేదిక మీదకి పిలిచే ప్రతి పెద్దమనిషికీ ఆయన ఒక్కో వాక్యం రాసి ఆ అమ్మాయికి ముందే పంపేశారు. సభ మొదలవగానే ఆ అమ్మాయి మైకు అందుకుని, "ఈయన డాక్టరు కాదు, నడిచొచ్చిన దేవుడు" అంది. చప్పట్లు. "కాంట్రాక్టరు కాదు, కలియుగ కర్ణుడు" అంది. ఇంకా చప్పట్లు. "హెడ్మాస్టరు కాదు, జ్ఞాన భాస్కరుడు" అనేసరికి నాకు నేను పంపిన మెసేజ్ గుర్తొచ్చింది గానీ, అప్పటికే తాతయ్య ఇస్త్రీ పంచెలో వేదిక మెట్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ఫోన్ చూసుకుంది. అన్నిట్లాగే ఇదీ పొగడ్తే అనుకున్నట్టుంది, చెయ్యి పైకెత్తి గొంతు పెంచింది. "ఇప్పుడు మన ముందుకు వస్తున్న ఈ పెద్దాయన... దున్న కాదు..." అని, చప్పట్లకి కాస్త చోటు వదిలి, "దున్నా సత్యనారాయణ గారు" అంది.

చప్పట్లు పడలేదు. అంతలో వెనక వరసలోంచి ఎవరో నడివయసు పెద్దమనిషి, "ఒరే, దున్న పడవరా" అన్నాడు. ఇంకేముంది, హాలు హాలంతా పగలబడి నవ్వింది. పాపం వాళ్లకి అది చిన్నప్పటి ముచ్చట. తాతయ్యకి? మెట్టు మీద పెట్టిన కాలు మెల్లిగా కిందకి దించేశారు. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం వైపు తిరిగారు. నేను వెళ్లి ఆపాలి. ఆపి ఏమనాలి? ఆ వాక్యం రాసింది నేనే. ఫ్లెక్సీ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా నాయనమ్మ లేచింది. రేవులో నిలబడి "ఏవండోయ్, అన్నం వేళయింది" అంటే అవతలి గట్టుకి వినపడే గొంతు ఆవిడది, మైకు అక్కర్లేదు. "ఓ అమ్మాయ్, మైకమ్మాయ్. మా ఆయన పేరు నేను చెప్తాను, వినుకుని అను. దున్నా సత్యనారాయణ గారు. దున్నా. దీర్ఘం ఉంది" అంది.

నవ్వు టక్కున ఆగిపోయింది. మా లంక వాళ్లయితే కొయ్యబారిపోయారు. ఎందుకంటే మా నాయనమ్మ మొగుడి పేరు పలకదు. పెళ్లయిన నాటి నుంచీ పలకలేదు. రేషన్ షాపులో అడిగితే పక్కవాళ్లని చెప్పమనేది. ఆఖరికి వ్రతంలో కూర్చున్నా సత్యనారాయణ స్వామి అనేది కాదు, 'కొండమీదాయన' అనేది. అలాంటి మనిషి నిండు సభలో, ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా అనేసింది. అనేశాక తనేం చేసిందో తనకే తెలిసొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. నాకు అంతకు ముందు తగిలిన షాకు ఈ షాకు ముందు ఏపాటి?

తాతయ్య నడుస్తున్న చోటే ఆగిపోయారు. ఆడవాళ్ల వైపు చూశారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ వెనక్కొచ్చి మెట్లెక్కారు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని "దున్నా సత్యనారాయణ గారు" అని ఎంత చక్కగా అందనుకున్నారు. ఇందాక నవ్విన వాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పి రెండు మాటలు మాట్లాడమంటే తాతయ్య మైకుకి దణ్ణం పెట్టి, "నా పేరు విన్నారు గదండి. ఇంక నేను చెప్పేదేం లేదండి" అని దిగిపోయారు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో వాళ్లిద్దరూ వెనక, నేను డ్రైవరు పక్కన. కాస్త దూరం వెళ్లాక నాయనమ్మ గొంతు వినపడింది. "ఏంటలా చూత్తారు? నేనేం మీ పేరు చెప్పలేదు. కొండమీదాయన్ని తలుచుకున్నానంతే."

"అలాగా. కొండమీదాయన ఇంటిపేరు దున్నా ఎప్పుడైందే?" అన్నారు తాతయ్య.

నాయనమ్మ నవ్విన చప్పుడు వినపడింది. చాలాసేపు వినపడింది. నేను మాత్రం మెడ తిప్పలేదు. ఈ సంగతి షాపులో తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా, ఊళ్లో నా పరువేం కాను అని రోడ్డు వంక చూస్తూ ఒకటే కుమిలిపోతున్నాను. ఉద్యోగం పోలేదు, ఊరు ఆ వారంలోనే నన్ను మర్చిపోయింది. ఆ తర్వాత నాయనమ్మ ఆ పేరు మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఆ ఆటోలో ముందు సీట్లో ముడుచుకుని కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు కనిపిస్తే, నెత్తి మీద ఒక్కటిచ్చి, ఒరే, నీ గొడవ తర్వాత, ముందు వెనక్కి తిరిగి వాళ్లిద్దరి మొహాలూ చూడరా అంటాను.