అవ్వ విసిరిన చెంబు

అవ్వ పోయిందని పెనుకొండ నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

హిందూపురంలో మేముండే ఇంటి పక్కన కిరాణా అంగడి ఉంది. మాకు ఫోను వస్తే అక్కడికే వస్తుంది. అంగడాయన నన్ను పిలిచి, "మీ అవ్వ పోయిందంటమ్మా. తెల్లారి లేపితే పలకలేదంట" అన్నాడు. ఆ మాట వింటూ నేను నా కొడుకు వైపు చూశాను. వాడు అంగడి ముందు నిలబడి సీసాల్లో ఉన్న మిఠాయిలు చూస్తున్నాడు. అందులో ఒక సీసా నిండా శెనక్కాయ చిక్కీ. 'వీణ్ణి నా ఒక్కదాని మీద వదిలేసి నువ్వెట్లా పోయావు?' అని అవ్వను అడగాలనిపించింది.

అవ్వ అంటే మా ఆయన వాళ్ళ నాయనకు తల్లి. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. అట్లా రాస్తే అవ్వకే నచ్చదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మెత్తగా రాయడం నాకు అంతగా చేతకాదు కూడా.

ధర్మవరంలో మా నాయన ఇంకొకరి మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. పెనుకొండలో సేద్యం చేసే ఇంటికి నన్నిచ్చారు. నలుగురు కూర్చున్న చోట నాకు నోరు రాదు. ఎవరైనా పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే జవాబు గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. అత్తగారింట్లో దాన్ని మంచి గుణం అన్నారు. బిడ్డ పుట్టాక తెలిసింది, అది గుణం కాదని.

నా కొడుకు ధర్మవరంలో మా పుట్టింట్లో పుట్టాడు. పుట్టినప్పటి నుంచి ఏడుపే. పాలు తాగినా ఏడ్చేవాడు, తాగకపోయినా ఏడ్చేవాడు. చెంపల మీద, మోచేతి మడతల్లో ఎర్రటి దద్దుర్లు. గీరుకుని నెత్తురు తెచ్చుకుంటాడని చేతులకు మెత్తటి గుడ్డ చుట్టి పడుకోబెట్టేదాన్ని. మగ్గం చప్పుడు వింటే మాత్రం కొంచెంసేపు ఊరుకునేవాడు. పెనుకొండకు వచ్చాక ఆ చప్పుడు కూడా లేకపోయింది.

అప్పుడు మొదలైంది ఊరి నోరు. దిష్టి అన్నారు. నా పాలు వేడి చేసినాయన్నారు. బాలింతగా ఉన్నప్పుడు నేను పథ్యం సరిగ్గా చేయలేదన్నారు. మా అత్త, "మా ఇంట్లో ఇట్లాంటి ఏడుపుగొట్టు బిడ్డ ఎప్పుడూ పుట్టలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పాలు బాగా పడతాయని నాకు రోజూ వేయించిన శెనక్కాయలు, బెల్లం పెట్టేది కూడా ఆమే. వేరుశనగను మేం శెనక్కాయ అంటాం. మా సీమ నేలలో వేసేది అదే, ఇంట్లో తినేది అదే. దాని నూనె, దాని పొడి. సంగటిలోకి, వేయించిన కాయలు మిరపకాయలతో నూరిన ఊరుబిండి. ఖాళీగా కూర్చున్న మనిషి ఒడిలో కూడా అవే కాయలు. అది బిడ్డకు పడదని ఎవరికి తోస్తుంది?

వానలకు ముందు విత్తనం కాయలు ఒలిచే కాలం వచ్చింది. నడింట్లో మూటలు విప్పి, ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఒలుస్తున్నారు. ఇల్లంతా ఎర్రటి పొట్టు, దుమ్ము. అవ్వ ఒడిలో నా కొడుకు. మా వైపు పండ్లు రాని బిడ్డకు అవ్వలు నమిలి పెడతారు. అది ముద్దు. అదొక తప్పని ఎవరూ అనుకోరు. అవ్వ ఒక గింజ, కొంచెం బెల్లం కలిపి మెత్తగా నమిలి, వేలి కొసన పెట్టి వాని నాలుక మీద రాసింది.

"నా మనవడి కొడుకు వీడు. మొదటి రుచి నా నోటిదే" అని నవ్వింది.

ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే బిడ్డ పెదవులు ఉబ్బాయి. కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి ఈలలాగా వచ్చింది. పెనుకొండ ఆసుపత్రిలో ఒక సూది వేసి, హిందూపురం తీసుకుపొమ్మన్నారు. జీపులో అవ్వ నా పక్కనే కూర్చుంది.

పిల్లల డాక్టరు, "ఏం పెట్టినారు?" అని అడిగాడు.

"ఏమీ పెట్టలేదు సార్. దిష్టి" అంది మా అత్త.

"పెట్టినాం" అంది అవ్వ. "నేనే పెట్టినా. శెనక్కాయ నమిలి పెట్టినా. దాసిపెట్టుకునేదేముండాది? బిడ్డను బతికీ."

బతికించాడు. వీడికి శెనక్కాయ పడదని, గింజే కాదు, దాని పొడి అంటిన చెయ్యి కూడా వాని నోటికి తగలకూడదని, మళ్ళీ ఇట్లా వస్తే ఇక్కడి దాకా తెచ్చేంత సమయం ఉండకపోవచ్చని చెప్పాడు. నన్ను కూడా తినవద్దన్నాడు. నేను మానేసిన కొన్నాళ్ళకే దద్దుర్లు తగ్గాయి. ఏడుపు కూడా తగ్గింది. అన్నాళ్ళూ నా పాలను తిట్టినవాళ్ళు ఒక్కరు కూడా వచ్చి 'పొరపాటు పడ్డాం' అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

అవ్వ మీద కూడా ఉండింది. హిందూపురం నుంచి వచ్చాక బిడ్డను ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమె కనిపిస్తే కొంగు కప్పి లోపలికి పోయేదాన్ని. అవ్వ అడగలేదు. 'తెలియక పెట్టినా' అని కూడా అనలేదు. కాయల మూటలు మాత్రం నడింట్లో నుంచి తోట దగ్గరి కొట్టానికి మోయించింది. "ఇంగ ఒలుపుడు ఆడనే. ఈ గడప లోపలికి ఒక్క కాయ వచ్చినా కాళ్ళు ఇరగ్గొడతా" అంది. మా అత్త గొణిగితే, "నీకు కావాలంటే కొట్టం కాడికి పొయ్యి తిని, మూతి కడుక్కోని రా" అంది. ఇంటికి పొద్దుతిరుగుడు నూనె తెప్పించింది. గడప పక్కన ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్ళు, ఒక సబ్బు బిళ్ళ పెట్టి, అరుగు మీద కాపలా కూర్చుంది.

ఎవరొచ్చినా ఒకటే మాట. "చేతులు కడుక్కో. బిడ్డ ఉండాది."

దానికి ఆమెకు వచ్చిన పేర్లు అన్నీ ఇన్నీ కావు. గయ్యాళి అన్నారు. మడి ముసలిది అన్నారు. ఎదురింట్లో ఒక టీచరమ్మ ఉండేది, చర్చికి పోయే మనిషి. చెంబు చూసి ఆమె ముఖం మాడిపోయింది. "మేం ముట్టుకుంటే మీకు మైలనా అవ్వా?" అని అడిగింది. అవ్వ లేచి వచ్చి, ముందు తన చేతులు సబ్బు పెట్టి కడుక్కుని, ఆమె చేతుల మీద తానే నీళ్ళు పోసింది. "కులం కాదు మే, కాయ! నా కొడుకొచ్చినా కడగాల్సిందే. నేనే ఈని పానం తీయబోయినా, నీకు తెలీదు" అంది. ఆ డిసెంబరులో టీచరమ్మ కేకు తెస్తూ, "కాయ లేదు, జీడిపప్పు కూడా లేదు, చేతులు కడిగే చేసినా" అని వీధిలో నుంచే అరుస్తూ వచ్చింది. అవ్వ పగలబడి నవ్వింది.

ఒకరోజు అన్నం దగ్గర చూశాను. అత్త కొట్టం నుంచి ఊరుబిండి తెచ్చుకుని వాకిట్లో కూర్చుని తింటోంది. అవ్వకు ఊరుబిండి లేకపోతే సంగటి దిగదని పెండ్లయి వచ్చిన కొత్తలో అందరూ నాకు చెప్పేవాళ్ళు. ఆ రోజు ఆమె తట్టలో సంగటి, మజ్జిగ, ఉప్పులో అద్దిన పచ్చిమిరపకాయ ఉన్నాయి. అంతే.

"నువ్వూ వాకిట్లో తినొచ్చు కదవ్వా" అన్నాను. ఆమెతో మాట్లాడి అప్పటికి చాలా రోజులైంది.

"ఈ నోరు యాడికి తీసుకుపోదును? రేపు నువ్వు బిడ్డనిస్తే ముద్దు పెట్టుకోవాల గదా" అంది, తల ఎత్తకుండానే.

నేను బిడ్డను తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. ఆమె చేతులు కడుక్కునే ఉంది. ఆ తర్వాత కూడా నా కోపం పూర్తిగా పోలేదు. కానీ అది ఆమె మీద నిలవలేకపోయింది.

చెంబు సంగతి చెప్పాలి. మా పెదమామ అవ్వకు పెద్ద కొడుకు, ముదిగుబ్బలో ఉంటాడు. మా మామ లేడు కాబట్టి ఇంటికి పెద్ద ఆయనే. ఒకసారి బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చాడు. సంచిలో శెనక్కాయ ఉండలు.

"పడదు పడదని ఎంతకాలం దాస్తారప్పా? కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పడతాది. ఈ సీమలో పుట్టినోడు శెనక్కాయ తినకుంటే రేపు ఏం సేద్యం చేస్తాడు? రారా నాయనా" అని ఉండ తుంచి వాని నోటి దగ్గరికి తెచ్చాడు.

నేను వాకిలి దగ్గర నిలబడి ఉన్నాను. పెదమామ ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతులో మాట ఉంది, రావడం లేదు. అరుగు మీద నుంచి చెంబు వచ్చింది. ఆయన భుజానికి తగిలి, బండ మీద పడి దొర్లింది. ఇల్లంతా నీళ్ళు.

"అమ్మా! నన్నే కొడ్తివా?"

"తప్పిపాయ. తలకాయకని ఇసిర్నా" అంది అవ్వ. "నీకు అలవాటు చేసేదానికి నా బిడ్డే దొరికినాడా? కడుక్కో పో చేతులు!"

ఆయన వెళ్ళాక నన్ను పిలిచింది. కొంగుతో నా ముఖం తుడిచింది కానీ గొంతు మాత్రం తగ్గించలేదు. "సిగ్గుపడాలంటే మొగుని కాడ పడు మే. బిడ్డ కాడ పడొద్దు. నేనెన్నాళ్ళుంటా?"

మా ఆయనకు మిల్లులో పని దొరికి మేం హిందూపురం వచ్చాక కూడా, అవ్వ వచ్చిపోయేవాళ్ళందరితో అదే మాట చెప్పి పంపేది.

మా ఆయన మిల్లు నుంచి వచ్చి, ఆమె లేని ఇంటికి మేం చేరేసరికి సాయంత్రం. మట్టి చేసి వచ్చిన మగవాళ్ళు గడప దగ్గర చేతులు, కాళ్ళు కడుక్కుని ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. అదే చెంబు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు కడుక్కోవాలి కదా, ఎవరూ చెప్పే పని లేదు. ఆమె బతికున్నన్నాళ్ళు గొణుక్కుంటూ వేళ్ళు తడుపుకున్నవాళ్ళు, ఆ రోజు మోచేతుల దాకా కడుక్కున్నారు. చూస్తుంటే నా ఒళ్ళు మండింది.

లోపల ఒకటే పొగడ్త. దేవతంట. పల్లెత్తు మాట అనేది కాదంట. గయ్యాళి అన్న నోళ్ళతోనే అంటున్నారు.

మూడోనాడు సమాధి దగ్గర పాలు పోసి వచ్చి, ఇంటి వాకిట్లో పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఆకులో పెడతారు. మా ఇంట్లో ఇంకొక ఆచారం ఉంది. కాకికి పెట్టగా మిగిలినదానిలో మొదటి ముద్ద ఇంటిలో చిన్నవాని నోట్లో పెడతారు. పోయినవాళ్ళ దీవెన అంటారు. పెదమామ గిన్నె మూత తీశాడు. ఊరుబిండి.

"మా అమ్మకు ఇదంటే పానం" అని ఆకులో వేశాడు. మిగిలినదాన్ని సంగటిలో అద్ది, ముద్ద చేసి, "రారా నాయనా, ముసలవ్వ దీవెన" అని నా కొడుకు వైపు చెయ్యి చాపాడు. చుట్టూ బంధువులంతా ఉన్నారు. మా ఆయన "వద్దులే పెదనాయనా" అన్నాడు, తనకు తాను చెప్పుకున్నట్టు. పెదమామ వినిపించుకోలేదు. "దీవెన చెరుపు చేస్తాదా? మా అమ్మే చూసుకుంటాదిలే" అన్నాడు.

అరుగు వైపు నుంచి ఏదీ ఎగిరి రాలేదు.

"చెయ్యి తియ్యండి" అన్నాను.

ఎవరు మాట్లాడారా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"చెయ్యి తియ్యండి పెదమామా. మీ అమ్మ శెనక్కాయ తినడం మానేసిందని మీకు తెలుసా? వీనికి ముద్దు పెట్టడం కోసం మానేసింది. మళ్ళీ నోట్లో పెట్టలేదు. వాళ్ళమ్మకు ఏది ఇష్టమో తెలియని కొడుకు, నా బిడ్డకు ఏది పెట్టాలో చెప్తాడా? ఆమె చూసుకోదు. ఆమె లేదు. నేను చూసుకుంటా."

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. పెదమామ నన్ను కాదు, మా అత్తను చూశాడు. అత్త నేల చూస్తూనే, "అవును బావా. మజ్జిగే పోసుకునేది" అంది. ఆ ఒక్క మాటకు మా అత్తను సగం క్షమించాను. మిగిలిన సగం ఇంకా ఉంది.

ఆకులో నుంచి ఊరుబిండి తీసేశారు. సంగటి, మజ్జిగ, పచ్చిమిరపకాయ పెట్టారు. కాకి ముట్టిందా లేదా అని అందరూ చూశారు. నేను చూడలేదు. పెదమామ చేతులు కడుక్కున్నాడా లేదా అని చూస్తున్నాను.

హిందూపురం వచ్చేటప్పుడు ఎవరినీ అడగకుండా ఆ చెంబు సంచిలో వేసుకున్నాను. ఇప్పుడు మా గడప పక్కన ఉంది, పక్కన సబ్బు బిళ్ళ. ఆ రోజు బండ మీద పడినచోట అడుగున సొట్ట ఉంది కాబట్టి అది నిలకడగా నిలబడదు. ఎవరు గడప తొక్కినా కొంచెం ఊగుతుంది. నీళ్ళు అంచు దాకా వచ్చి, పడకుండా ఆగుతాయి.