చల్లకి తగిలించిన 'వి'

ఆ రోజుల్లో నా చెవులకంటే నా నాలుకే ముందు వినేది. రేపల్లెలో ఒక బడికి సైన్సు మాస్టారుగా వెళ్లిన మొదటి ఏడాది, ఊరి తల్లిదండ్రులందరి ముందూ మా పెద్ద టీచరుగారి పరువు తీశాను. ఫోనులో సిగ్నలు సరిగా లేదని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాను. (సిగ్నలు లేని మాట నిజమే. దానిమీద ఇంత నేరం మోపడం మాత్రం అన్యాయం.)

రోజూ తెనాలి నుంచి పాసింజరులో వెళ్లొచ్చేవాణ్ణి. కిటికీ పక్కన కూర్చుంటే కాలవ నీళ్లలో ఆకాశం మనతోపాటే వస్తూ ఉండేది. బండి కదులుతోందో, పొలాలూ కొంగలూ మెల్లగా వెనక్కి తేలిపోతున్నాయో తెలిసేది కాదు. బడికి చేరినా నేను ఆ కిటికీ దగ్గరే ఉండిపోయేవాణ్ణి. అందుకే తల్లిదండ్రులను ఎందుకు పిలుస్తున్నారో స్టాఫ్ మీటింగులో చెప్పినప్పుడు నేను వినలేదు. ఆ సాయంత్రం రైల్లో ఉండగా పెద్ద టీచరుగారు ఫోను చేశారు. ఆవిడది బాపట్ల. "మాస్టారూ, రేపు పిల్లలందరికీ చల్ల మీరే తేవాలండీ. తెనాలిలో బాగుంటుంది." మా ఇంట్లో మజ్జిగ అంటాం. చల్ల అనే మాట మా నాయనమ్మతోనే వెళ్లిపోయింది. పైగా రోజూ తెనాలి స్టేషన్లో దిగగానే ఒక కూల్ డ్రింకు తాగనిదే నాకు ఇల్లు గుర్తొచ్చేది కాదు. 'చల్లవి' అని వినిపించింది. "అలాగేనండీ!" అన్నాను, మహా ఉత్సాహంగా.

మర్నాడు ఐసు పెట్టెల్లో సీసాలు గలగలలాడుతుంటే రైలెక్కాను. ఎదుటి సీటు పెద్దాయన, "ఏంటి మాస్టారూ, పెళ్లా?" అన్నాడు.

"కాదండి, బడికి."

"మేం చదివినప్పుడు ఇలాంటి బళ్లు లేకపోయె!"

నేను చేరేసరికి పెద్ద టీచరుగారు మాట్లాడుతున్నారు. "ఇక మన పిల్లల సంచుల్లో ఆ రంగునీళ్ల సీసాలు కనపడకూడదండీ. పళ్లు పాడైపోతున్నాయి, అన్నం సయించడం లేదు. మీరు ఊఁ అంటే ఇవాళ్టినుంచి బళ్లో మధ్యాహ్నం చల్ల పోస్తాం. అదుగో, మాస్టారు తెచ్చారు." నేను చిరునవ్వుతో మూత తీశాను. ఎరుపు, పసుపు, నలుపు. పిల్లల కేకలకి పైకప్పు లేచిపోయింది. మీసాల తండ్రి ఒకాయన లేచి, "ఏంటండీ, చల్లకి రంగేశారా?" అన్నాడు. అందరూ నవ్వారు. వెనకనుంచి ఒకావిడ, "మీరే తాగిస్తూ మమ్మల్ని మానిపించమంటారేంటండీ?" అంది. ఒకరిద్దరు వెళ్లడానికి లేచారు. మా పెద్ద టీచరుగారు ఎన్నాళ్లనుంచో ఇల్లిల్లూ తిరిగి కూడగట్టిన సభ అది.

పెద్ద టీచరుగారు నావైపు తిరిగి, మెల్లగా అన్నారు. "నేను చల్ల అన్నానండీ. ఆ 'వి' మీరు తగిలించుకున్నారు."

"తప్పు నాదండీ, కాసేపు కూర్చోండి," అని అందరికీ దణ్ణం పెట్టి, బడి బకెట్టు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. మొదటి గుమ్మం సిగ్గుతో దాటేశాను. రెండో గుమ్మంలో, "అమ్మా, చల్ల ఉందా అండీ?" అన్నాను. అరుగుమీద ముసలమ్మ లోపలికి కేకేసింది. "ఓసేయ్, పంతులుగారేంటే, బకెట్టుతో చల్ల అడుగుతున్నాడు!" నవ్వుతూనే నిండు చెంబు పోసింది. వీధి చివరికి వెళ్లేసరికి బకెట్టు మొయ్యలేకపోయాను. అల్లం, ఉప్పు, కరివేపాకు వేసి, అన్ని ఇళ్ల పులుపూ ఒకటయ్యేలా కలిపి అందరికీ పోశాను. మీసాలాయన ఒక గుక్క తాగి, గ్లాసులోకి తేరిపార చూశాడు. "ఇందులో మా అమ్మ చల్ల ఉందండోయ్! ఆ మాడు వాసన మా ఇంటిదే." ఇంకో గ్లాసు అడిగాడు. సొంత ఇంటి చల్లని ఎవరు మాత్రం కాదంటారు? ఆ రోజు అందరూ ఊఁ అన్నారు.

సీసాలు సాయంత్రం బండిలో తెనాలి తిరిగెళ్లాయి. (ఒకటి తక్కువగా. అది పొద్దున రైల్లోనే జరిగింది.) అప్పటినుంచి ఎండలు మొదలయ్యాయంటే ఆ బకెట్టు నాదే. నిమ్మాకులు మా పెరట్లోంచి తీసుకెళ్లి నేనే చిదిమి వేస్తాను. కలుపుతున్నప్పుడల్లా కిటికీ పక్కన కలలు కంటూ కూర్చున్న ఆ కుర్రమాస్టారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు అరుగుమీది ముసలమ్మ నా బకెట్టులో పోస్తూ, "చల్లగా ఉండు నాయనా," అంది. పుట్టినప్పటినుంచీ వింటున్న దీవెనే. అందులో చల్ల ఉందని నాకు అప్పుడే వినపడింది.