డెబ్బై రకాల గుమ్మం

టైల్స్ మేస్త్రి చేతిపనిలో ఎంత నిదానమో నోటితో అంత దూకుడు. ఆ నోరే ఒకసారి ఆయన్ని ఇరకాటంలో పెట్టింది.

ఇద్దరు తోడికోడళ్ళు ఒకే ఇంట్లో మేడ మీద ఒకరు, కింద ఒకరు. వాటాకు పది గుమ్మాలు, మొత్తం ఇరవై. ప్రతి గుమ్మం ముందూ అయిదడుగుల పొడవున ఒకే వరస బోర్డర్ వేయాలి. కొన్న పలకలు మూడు రకాలు: అడుగు పొడవున్న తెల్లవి, అంతే పొడవున్న నల్లవి, రెండడుగుల ఎర్రవి.

"నా గుమ్మం లాంటిది ఇంకెక్కడా కనపడకూడదు" అంది పెద్దావిడ.

"మరి నాది కనపడొచ్చా?" అంది చిన్నావిడ.

"ఇరవై ఏంటమ్మా, డెబ్బై రకాలు వస్తాయి!" అనేశాడు మేస్త్రి.

ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఆయనకు రోషం వచ్చింది.

"చూడండి. చివరి పలక తెల్లదో నల్లదో అయితే వెనక నాలుగడుగులు మిగులుతాయి. ఎర్రదైతే మూడడుగులే. కాబట్టి నాలుగడుగుల రకాలు రెండింతలు చేసి, మూడడుగులవి కలిపితే సరి. ఒక్క అడుగుకి రెండు రకాలు, రెండడుగులకి అయిదు. అక్కణ్ణుంచి ఇదే వరస: పన్నెండు, ఇరవై తొమ్మిది, డెబ్బై!"

"నోటిమాట కాదు, గీసి చూపించు మేస్త్రీ" అంది చిన్నావిడ.

ఆదివారం పొద్దున్నే సుద్దముక్కతో తన ఇంటి గోడ మీద గీయడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికి గోడంతా గళ్ళే. మూడుసార్లు లెక్కపెట్టాడు. అరవై తొమ్మిది! మేస్త్రి అన్నం ముట్టకుండా మళ్ళీ లెక్కపెట్టసాగాడు.

మేస్త్రి భార్య దర్జీ పని చేస్తుంది. ఆమె కుట్టుమిషన్ ఆపి, గోడను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమండీ, అన్నీ తెల్లవే ఉన్నది గీశారు, అన్నీ నల్లవే ఉన్న వరస ఏది?"

"గుమ్మం ముందు అంతా నలుపా? అదీ ఒక డిజైనేనా?"

"మా దర్జీల దగ్గర ఏ పూలూ లేని నల్లగుడ్డ కూడా గుడ్డే. గీయండి. గీశాక గోడ కడగండి."

గీశాడు. పైన తన లెక్కతో సహా కాగితం మీదికి ఎక్కించాడు. కడిగాడు కూడా.

ఆ కాగితం ముందు తోడికోడళ్ళు రెండు రోజులు కూర్చున్నారు. ఒకరు వేలు పెట్టిన గీత మీదే రెండోవారికి మనసు పడేది. చివరికి చెరో పదీ తేలాయి. వారం తిరక్కుండా పని పూర్తయింది. ఏ రెండు గుమ్మాలూ కలవలేదు.

కాలేజీలో లెక్కలు చదివే పెద్దావిడ కూతురు ఆ కాగితం చూసి ఎగిరి గంతేసింది.

"మేస్త్రి బాబాయ్, ఈ అంకెల వరస మా పుస్తకంలో ఉంది! ఎన్నో ఏళ్ళ కిందటే కనిపెట్టారు."

మేస్త్రి మొహం వాడిపోయింది. తాపీ కడిగి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే అమ్మాయీ, ఆ కనిపెట్టిన మేస్త్రి ఏ సైజు పలకలు వాడేవాడంటావ్?"