ఊపిరి పీల్చే బ్యాటరీ

ఆ ప్రయాణంలో నేను పోగొట్టుకున్నవి ఆరు వినికిడి యంత్రం బ్యాటరీలు. ఒక్కొక్కటి వారం వస్తుంది కనుక, ఆరు వారాల వినికిడి. చెవిలోది బస్సు తిరుపతి దాటగానే ఆగిపోయింది. డబ్బాలోని ఐదూ పెట్టి చూశాను, ఒక్కటీ పలకలేదు. సాయంత్రం కాణిపాకంలో మా అమ్మాయి మొదటి కచేరీ.

పక్క సీటులో ఐరాల అవ్వ ఒకామె నా చెవి దగ్గరకు వంగింది. ఆమెకూ అలాంటి యంత్రమే ఉంది.

"వీటి స్టిక్కర్లు యాడబ్బా?"

"పని తగ్గుతుందని నెల ముందే పీకేశాను."

"అరటిపండ్లన్నీ ఒకేపారి ఒలిచి పెట్టుకుంటారా ఎవురన్నా? పీకితే గాలి తగిలి అప్పుటినుంచే అయిపోతా ఉంటాది!"

పడీ పడీ నవ్వి, తన దగ్గర మిగిలిన ఒక్క బ్యాటరీ తీసింది. అదీ నా రకమే, గోధుమరంగు స్టిక్కరుది. స్టిక్కరు పీకి నా అరచేతిలో పెట్టింది.

"అయిదు నిమిషాలు ఉండు. ఊపిరి పీల్చుకోనీ."

శనగగింజంత లోహం గాలి పీల్చి మేలుకుంటుందని నాకు అంతవరకూ తెలియదు. గడియారం చూస్తూ నేనే ఊపిరి బిగబట్టాను. అయిదు నిమిషాలు నిండాక చెవిలో పెడితే బస్సంతా ఒక్కసారిగా మోగింది.

"మరి మీకు?"

"నా చెవిలోది నాలుగు దినాలు వస్తాదిలే. ఇది బదులు నాయనా, దానం గాదు. ఐరాలకొచ్చి ఇయ్యి."

అమ్మాయి పాడిన ఏడు కీర్తనలూ విన్నాను. అవ్వ పేరు మాత్రం అడగలేదు. ఐరాలకు రెండుసార్లు వెళ్లినా ఆమె కనబడలేదు. బాకీ ఇంకా ఒకటి, స్టిక్కరు తీయనిది.