నవ్వు తీసేసిన నిమిషం

ఆ వీధిలో ఆయన్ని అందరూ దగ్గుల బాబాయి అంటారు. అలాగని ఆయనకు ఏ జబ్బూ లేదు, గుండ్రాయిలాంటి మనిషి. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని. భుజాన పనిముట్ల సంచి, చేతిలో నూనెబుడ్డి, ఇల్లిల్లూ తిరగడం. వీటితోపాటు సరిగ్గా బొడ్డు దగ్గర ఓ పాత కెమెరా వేలాడుతూ ఉంటుంది. రీలు వేసి తీసే రకం, నలుపూ తెలుపూ తప్ప వేరే రంగు ఎరగనిది. మూతపడుతున్న ఫొటో స్టూడియోవాళ్ల ఇంట్లో కుట్టుమిషను బాగుచేసి, కూలికి బదులు దాన్ని అడిగి తెచ్చుకున్నాడు.

ఆ కెమెరాని ఆయన ఏనాడూ కంటికి ఆనించడు. ఎటో చూస్తూ నడుస్తూ, బొడ్డు దగ్గరే మీట నొక్కేస్తాడు. టిక్కుమన్న చప్పుడు వినబడకుండా అదే క్షణంలో ఖళ్లున దగ్గుతాడు. అదీ ఆయన కనిపెట్టిన కిటుకు! కొన్నాళ్లు బాగానే పారింది. తర్వాత వీధి వీధంతా పసిగట్టేసింది. ఆయన దగ్గాడంటే చాలు, కూరగాయలమ్మి తక్కెడ వదిలేసి జుట్టు సర్దుకునేది. మంగలి కత్తిని గాల్లోనే ఆపి ఛాతీ విరుచుకునేవాడు, కుర్చీలో గిరాకీ నురగ ముఖంతోనే పళ్లికిలించేవాడు.

"బాబాయ్, కళ్లు మూసేశాను. ఇంకోసారి దగ్గవా?" అని వెంటపడేవాళ్లు.

దాంతో ఆయన తన దగ్గు తెలియని పేటలు వెతుక్కుంటూ పోయేవాడు. అక్కడ మరో తంటా. దయగల తల్లులు మంచినీళ్లు పట్టుకొని పరిగెత్తుకొచ్చేవారు. ఒకావిడైతే డాక్టరు దగ్గరికి లాక్కుపోయినంత పని చేసింది.

ఇంత అవస్థ దేనికయ్యా అని భార్య అడిగితే, "ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మనుషుల ముఖంలో ఒకటి కనబడుతుందే, అది కావాలి" అనేవాడు.

"నా ముఖంలో ఏం కనబడుతోందో చూడు ముందు. స్నానాలగది తలుపు తియ్యి!"

ఆ ఇంట్లో ఫొటోలు కడిగే చీకటిగదీ, స్నానాలగదీ ఒకటే మరి. కిటికీకి నల్లగుడ్డ, లోపల ఎర్రబల్బు, గచ్చు మీద మందునీళ్ల పళ్లేలు. పిన్ని తువ్వాలు భుజాన వేసుకొని తలుపు బయట నిలబడి తిట్టిందే తప్ప, మందు వాసన పడక ఏ రోజూ లోపలికి తొంగిచూడలేదు.

ఒకరోజు సాయంత్రం, పనులు వదిలేవేళ, బాబాయి ఎరగని పేటలో ఓ బస్టాపు ముందునుంచి వస్తున్నాడు. మబ్బు కమ్మింది. జనమంతా బస్సు వచ్చే వైపుకి మెడలు చాచి నిలబడ్డారు, ఒక్క తలకాయ ఇటు లేదు. చిట్టచివర ఒకామె మాత్రం ఒక చెప్పు విడిచి, ఆ పాదాన్ని రెండో పాదం మీద పెట్టుకొని, ముఖం ఆకాశానికెత్తి కళ్లు మూసుకొని ఉంది. తొలిచినుకు ఆమె నుదుటి మీద పడింది.

బాబాయికి ఇన్నేళ్లుగా తాను వెతుకుతున్నది ఇదేనని తెలిసిపోయింది. చెయ్యి దానంతటదే మీట నొక్కింది, గొంతు దానంతటదే దగ్గింది.

ఆమె కళ్లు తెరిచింది. విడిచిన చెప్పు చేత్తో పట్టుకొని తిన్నగా వచ్చింది.

"దగ్గింది మీరు, సరే. టిక్కుమన్నదెవరు?"

బాబాయి కెమెరాని సంచి చాటుకి తోశాడు.

"ఆ ఫొటో నాకిచ్చెయ్యండి."

"రీల్లో ఉందమ్మా. కడిగి రేపు తెచ్చిస్తాను."

"రేపు మీరెక్కడ, నేనెక్కడ? పదండి, నా ఎదురుగానే కడగండి."

చెప్పు తొడుక్కొని ఆయన వెనకే ఇంటికి వచ్చేసింది. సంగతి విని పిన్ని మొగుణ్ని వెనకేసుకొస్తుందనుకుంటే పొరపాటు.

"నువ్వు ఇక్కడిదాకా రావడమే తప్పు తల్లీ. నేనైతే ఆ చెప్పుతో అక్కడే సమాధానం చెప్పేదాన్ని" అంటూ కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఆరాలన్నీ తీసింది.

బట్టలషాపు గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్లకి నవ్వుతూ స్వాగతం చెప్పడం ఆమె ఉద్యోగం.

"పొద్దుట్నుంచీ నవ్వే పిన్నిగారూ. కాస్త తగ్గితే సూపర్‌వైజరు కళ్లెర్రజేస్తాడు. ఇంటికెళితే అత్తగారి ముందు మళ్లీ నవ్వు. ఆ బస్టాపులో కాసేపే దాన్ని తీసి పక్కన పెడతాను. ఆ కాస్తా ఈయన పట్టుకుపోతే నాకింకేం మిగులుతుంది?"

లోపల రీలు కడుగుతున్న బాబాయికి ఆ మాట వినబడింది.

రీలు ఆరాక తెచ్చి ఆమె చేతికిచ్చాడు. దీపానికెత్తి చూసి ఆమె జడుసుకుంది. నెగిటివ్ కదా, ముఖాలు నల్లగా, జుట్లు తెల్లగా ఉన్నాయి.

"ఈ దెయ్యాల్లో నేనెవర్ని?"

ఆ క్షణాన బాబాయికి దుర్బుద్ధి పుట్టింది. పక్క ముక్క కత్తిరించి ఇచ్చేస్తే ఈమెకేం తెలుస్తుంది? అసలుది తనకే ఉండిపోతుంది. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు కూడా. తర్వాత దాన్ని బల్లమీద పెట్టేసి, "లోపలికి రండి, చూపిస్తాను" అన్నాడు. పరాయి ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపడమని పిన్ని కూడా ముక్కు మూసుకొని వెళ్లింది.

ఎర్రవెలుగులో ముగ్గురూ వంగారు. దీపం కింద నెగిటివ్ నీడ కాసేపు పడనిచ్చిన ఫొటో కాగితాన్ని బాబాయి పళ్లెంలోకి జారవిడిచాడు. తెల్లకాగితం. ఏమీ లేదు.

"ఏదీ?" అంది పిన్ని.

నీళ్లలోంచి మసకగా ఒక గీత లేచింది. బస్టాపు స్తంభం. తర్వాత జుట్లు, మెడలు, అటు తిరిగిన వీపులు. పుట్టుకొస్తున్నట్టు, ఎవరో లోపలినుంచి ఊపిరి పోస్తున్నట్టు. అన్నిటికంటే ఆఖర్న, ఎత్తిన ఆ ముఖం మెల్లమెల్లగా తేలింది. నుదుటి మీద చినుకు మెరుపుతో సహా.

గదిలో కుళాయి చుక్కలు రాలుతున్న చప్పుడొక్కటే.

"నేనిలా ఉంటానా?" అంది ఆమె పళ్లెం మీదికి ఇంకా వంగి. "అద్దంలో ఎప్పుడూ కనబళ్లేదే."

పిన్ని మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్నాళ్లూ తలుపేసుకొని నువ్వు చూస్తున్నది ఇదా? నాకొక్కసారైనా చెప్పావు కాదే!"

"చెబితే అందేది కాదే."

"ఇంకోసారి తెప్పిస్తారా?" అని ఆమె అడిగింది. ఆయన ఇంకో కాగితం వేశాడు. మళ్లీ తెల్లదనంలోంచి ఆ ముఖం వచ్చింది.

బయటికొచ్చాక బాబాయి ఆ నెగిటివ్ ముక్క కత్తిరించి ఆమె అరచేతిలో పెట్టాడు. ఒక్క ప్రింటైనా వదిలి వెళుతుందేమోనని ఆయన కళ్లు అడుగుతూనే ఉన్నాయి. ఆమె చూసింది. చూసి కూడా, ప్రింట్లు ఆరేదాకా కూర్చుని, రెండూ సంచిలో పెట్టుకుంది.

"ఇది నాదేనండీ" అంది మెత్తగా.

"మీదేనమ్మా."

గుమ్మం దగ్గర సెలవు తీసుకుంటూ, అలవాటు చొప్పున ఆమె పెదవులు నవ్వడానికి సాగాయి. మధ్యలో ఆగి ఇద్దరినీ చూసింది.

"మీ దగ్గర అక్కర్లేదు కదూ" అని నవ్వు తీసేసింది. బస్టాపులోని ఆ ముఖంతోనే కాసేపు వాళ్లకెదురుగా నిలబడి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

వీధి మలుపు తిరిగేదాకా దంపతులిద్దరూ గుమ్మంలోనే ఉండిపోయారు.