బాబాయి చేప, పిన్ని పన్ను

మా పిన్ని మనుషుల నోళ్ళలో చచ్చిన సొరచేపల పళ్ళు పెడుతుందట. అందుకే ఆమె చేసిన కట్టుడు పళ్ళు ఏళ్ళ తరబడి అరగవట. అవి పెట్టుకున్నవాళ్ళకి నిద్రలో సముద్రం హోరు కూడా వినిపిస్తుందట. ఈ మాట మొదట ఎవరన్నారో నాకు తెలుసు. మా వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేసే అక్క. ఆవిడ చెడ్డది కాదు. చూసింది చూసినట్టే చెబుతుంది. కాకపోతే సగమే చూస్తుంది, మిగతా సగం దారిలో అల్లుకుంటూ వెళ్తుంది.

పిన్ని కట్టుడు పళ్ళు చేస్తుందన్నది మాత్రం నిజం. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. పిన్ని వాటిలో ప్లాస్టర్ పోసి, ఆరబెట్టి, మైనంలో పళ్ళు ఒక్కొక్కటే అమర్చి, ఆ తర్వాత మైనం కరిగించి దాని చోట చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ నింపుతుంది. ఇంటి ముందుగదే ఆమె పనిగది. చదువు మధ్యలో ఆగిపోయాక నేను ఆమె దగ్గర చేరాను. ప్లాస్టర్ కలపడం, అచ్చులు కడగడం, నేల ఊడవడం నా పనులు. వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా పని కాదని పిన్ని మొదటిరోజే ఒప్పుకుంది. అందుకే అక్కడ కుదురుకున్నాను.

వెనక వసారాలో ఇంకో బల్ల ఉంది. అది రాళ్ళ బల్ల.

ఊరి చివర ఇటుకబట్టీలు దాటాక సముద్రపు ఒడ్డున మెత్తటి బూడిదరంగు మట్టిగట్టు ఉంది. గాలివాన వచ్చి వెళ్ళినప్పుడల్లా అది కొంత విరిగి పడుతుంది. పడిన మట్టిని అలలు కడిగేస్తే లోపలి గుండ్రాళ్ళు బయటపడతాయి. వాటిలో కొన్నింటి కడుపులో ఏ కాలానివో జీవులు ఉంటాయి. గుల్లలు, పీతలు, చేపల ఎముకలు, అన్నీ రాయైపోయి. నీళ్ళు వెనక్కి తగ్గే వేళ చూసుకుని పిన్ని అక్కడికి వెళ్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి, పడిపోయిన చెవికమ్మ కోసం వెతుకుతున్నట్టు నడుస్తుంది. రాయికి మెరుపు ఉండదు, ఎముకకి ఉంటుంది అంటుంది. నేను ఎన్నిసార్లు వెంట వెళ్ళినా నా కళ్ళకి ముందు గాజుపెంకులే మెరిసేవి.

రెండు బల్లలకీ మధ్య పిన్ని పెట్టుకున్న కట్టడి ఒకటి ఉంది. రాళ్ళ బల్ల మీది వస్తువు ఏదీ పళ్ళ బల్ల మీదికి రాకూడదు. పళ్ళ బల్ల మీద అరిగిపోయిన సూదులు, పాత డ్రిల్లులు మాత్రం పదవీ విరమణ చేసి రాళ్ళ బల్లకి వెళ్తాయి.

“మీ బాబాయిలాగే,” అనేది పిన్ని, బాబాయికి వినపడేలా.

బాబాయి సిటీ బస్సు నడిపేవాడు. చూపు మందగించి స్టీరింగు వదిలేయాల్సి వచ్చింది. అంతకుముందు సెలవురోజుల్లో పిన్నిని ఒడ్డు దాకా దింపి, గట్టు మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ ఆమెని ఆటపట్టించేవాడు. బస్సు దిగాక ఆ ఆటలన్నీ పోయాయి. కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆయన పాత రూటు బస్సు మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది. అది వెళ్ళినప్పుడల్లా గోడ గడియారం వైపు తిరిగి, “లేటు,” అనేవాడు. రోజంతా ఆయన మాట్లాడేది అదొక్కటే. కంచంలో ఏం పెట్టినా అడగకుండా తినేవాడు. ఒడ్డుకి రమ్మని పిన్ని పిలిస్తే, “రాళ్ళు ఏరడానికి నా కళ్ళెందుకు? నీకున్న కళ్ళు చాలవూ?” అనేవాడు.

ఒకసారి పెద్ద గాలివాన వెలిశాక, సంచి మోసే ఓపిక లేదని అబద్ధమాడి పిన్ని ఆయన్ని బయల్దేరదీసింది. ఒడ్డున కొంతదూరం నడిచాక బాబాయి కాలివేలు దేనికో తగిలింది. ఆయన ఒంటికాలి మీద గెంతి, ఆ రాయిని దాని తాతముత్తాతల దాకా తిట్టి, తన్నబోయాడు. పిన్ని గభాల్న ఆయన మోకాలు పట్టుకుంది. రాయి ఒక పక్క పగిలి ఉంది. ఆ పగులులో నల్లగా, నున్నగా, మొనలు మొనలుగా ఒక వరుస మెరుస్తోంది.

“ఏమండీ, మీకు రాయి తగల్లేదు,” అంది పిన్ని. “చేప కరిచింది.”

బాబాయి వంగి, కళ్ళు చికిలించి, వేలితో తడిమి చూశాడు. “ఏ కాలంనాటిది?”

“మనుషులు పుట్టకముందుది.”

“అయితే పర్మిట్ లేకుండా తిరిగినదన్నమాట.”

చాలా నెలల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది. ఆ రాయిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇంటిదాకా కడుపుకి హత్తుకుని తనే మోశాడు.

రాయిలోంచి ఎముకని బయటికి తీయడం ఓపికతో కూడిన పని. నీళ్ళు కలిపిన వెనిగర్‌లో రాయిని నానబెడితే రాయి కొంచెం కొంచెంగా కరుగుతుంది, ఎముక కరగదు. బయటపడిన ఎముక మీద పల్చటి జిగురు పూయాలి. మంచినీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడగాలి. ఆరబెట్టాలి. సూదితో గీకాలి. మళ్ళీ నానబెట్టాలి. నీళ్ళు మార్చే పని బాబాయి అడక్కుండానే తీసుకున్నాడు. ఇల్లంతా ఊరగాయ జాడీలా వాసన కొట్టేది. పొద్దున లేస్తూనే ఆయన వసారాలోకి వచ్చేవాడు.

“నా చేప ఎంతవరకు వచ్చింది?”

“కింది దవడ సగం.”

“అంటే ఇంకా డిపో గేటు దాటలేదు. కానివ్వు, కానివ్వు. రైట్ రైట్.”

ఆయన లేటు అనడం మానేశాడని నేను గమనించాను. పిన్నీ గమనించింది. ఒకరోజు సూది పట్టుకుని, తల ఎత్తకుండానే నాతో అంది: “అమ్మలూ, ఈ రాయి పాడైతే ఇంకోటి దొరుకుతుంది. ఆ మనిషి మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటే లేపడం నావల్ల కాదు.”

బాబాయి వెనిగర్ కొనడానికి కొట్టుకి వెళ్ళిన ఒక సాయంత్రం సూది జారింది. టిక్ మని చిన్న చప్పుడు. కింది దవడలో అప్పటిదాకా ఉన్న పన్ను ఒకటి లేదు.

“కదలకు,” అంది పిన్ని.

నేను ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయాను. పిన్ని నా కాలి కింద చూసి, దించమంది. ఇద్దరం మోకాళ్ళ మీద పాకాం. ఏప్రన్లు విప్పి తెల్లదుప్పటి మీద దులిపాం. జడలు విప్పుకుని ఒకరి తల ఒకరం చూసుకున్నాం, పేలు చూసుకున్నట్టు. నేలంతా ఊడ్చి ఆ చెత్తని పిండి జల్లెడలో పోసి జల్లించాం. చొక్కా గుండీ దొరికింది. ఏ డాక్టరో పోయిందని గోల పెట్టిన ముందుపన్ను దొరికింది. చేప పన్ను దొరకలేదు. గేటు చప్పుడైంది.

పిన్ని దవడ మీద తడిబట్ట కప్పింది. “ఇవాళ దాన్ని పడుకోనివ్వండి,” అంది బాబాయితో.

“ఎన్ని కోట్ల ఏళ్ళు పడుకుందో, ఇంకా నిద్రేనా?” అన్నాడాయన, సీసా బల్ల మీద పెడుతూ.

మర్నాడు ఆయన కంటి పరీక్షకి వెళ్ళగానే పిన్ని తన కట్టడి తనే దాటింది. చేప దవడని తెచ్చి పళ్ళ బల్ల మీద పెట్టింది. ఖాళీకి అచ్చు తీసింది. పక్కపన్ను వంపు చూసి, మైనంలో చెక్కి, కట్టుడు పళ్ళకి వాడే పదార్థంతో పోతపోసి, నలుపులో గోధుమ రంగు కలిపి అద్దింది. అదే బల్ల మీద ఇంకో పక్క ఎవరిదో సగం అమర్చిన పళ్ళ సెట్టు ఉంది. పిన్ని పెదాల మధ్య బ్రష్షు పట్టుకుని, పట్టకారుతో పన్ను ఎత్తి గాల్లో పెట్టుకున్న సమయానికి ఇస్త్రీ అక్క మా పని తెల్లకోట్లు ఇవ్వడానికి వచ్చింది.

“వదినా, ఏంటవి?”

“చేప పళ్ళు,” అంది పిన్ని, బ్రష్షు తీయకుండానే.

గాల్లో ఉన్న పన్ను ఎటు నుంచి ఎటు వెళ్తోందో చూడటానికి అక్క ఆగలేదు. కోట్లు కుర్చీలో పడేసి వెళ్ళిపోయింది. సాయంత్రానికి మా పాలమనిషి నన్ను అడిగాడు, నిజమేనా అని. నేను తల అడ్డంగా ఊపాను. నా తల ఊపుడు ఎవరు లెక్కచేస్తారు?

దవడ పూర్తయి బయటికి వచ్చినరోజు బాబాయి దాన్ని అరచేతుల్లో పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. గేటు ముందు ఎవరు కనిపించినా ఆపేవాడు.

“చూశారా, ఒక్క పన్ను కూడా పోలేదు. అన్నీ దానివే. మనకే నిండుగా లేవు.”

ఆయన అలా అన్న ప్రతిసారీ పిన్ని ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళేది. పళ్ళ బల్ల దగ్గర ఇన్నేళ్ళూ అబద్ధపు పన్నుని నిజం పన్నులా చేయడమే ఆమె పనితనం. రాళ్ళ బల్ల దగ్గర అదే తప్పు. అక్కడ లేనిది లేనట్టు కనపడాలి.

ఇంతలో మా పేట గ్రంథాలయంవాళ్ళు జనం అభిరుచులతో ఒక ప్రదర్శన పెడుతూ చేపని తెమ్మన్నారు. పక్కన పెట్టే అట్ట మీద రాయమని బాబాయి నాకు పెన్ను ఇచ్చాడు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. “రాయమ్మా: కింది దవడ. పళ్ళన్నీ అసలువే.”

నేను పెన్ను మూత తీసి పిన్ని వైపు చూశాను.

“రాయకు,” అంది పిన్ని. చేతులు తుడుచుకుని బాబాయి ఎదురుగా కూర్చుంది. “ఒకటి పోయింది. నా చేతిలోనే పోయింది. మీరు వెనిగర్ తేవడానికి వెళ్ళినప్పుడు. ఇప్పుడున్నది నేను చేసి పెట్టాను.”

బాబాయి లేచి వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. బయట బస్సు వెళ్ళింది. ఆయన గడియారం వైపు తిరగలేదు.

“ఏది?” అన్నాడు.

“ఏంటి?”

“నువ్వు పెట్టింది ఏది?”

భూతద్దం తెచ్చుకుని, దవడని దీపం కిందకి జరిపి చూశాడు. “ఇది.” పిన్ని కాదంది. “అయితే ఇది.” అదీ కాదు. నన్ను పిలిచాడు. పక్కనుండి చూసిన నేను కూడా చివరినుంచి లెక్కపెట్టుకుంటే తప్ప చెప్పలేకపోయాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

“నా కళ్ళే పోయాయనుకున్నా. కళ్ళున్నదానికీ దొరకలేదు. ఇంత బాగా ఎందుకు చేశావు?”

“నా పని అదే కదండీ. కట్టుడు పన్ను కట్టుడు పన్నులా కనపడితే డాక్టరు వెనక్కి పంపిస్తాడు.”

“డాక్టరు సరే. ఈ చేప ఎవరి పెళ్ళికెళ్ళి నవ్వాలి?” అన్నాడు. “పోతే పోయింది. నా నోట్లో రెండు పోలేదూ? నన్ను బయట పారేశావా? నేర్చుకునేవాడి బండికి ఎల్ బోర్డు ఎందుకు పెడతారు? వెనకవాడికి తెలియాలని. దీనికీ ఒక ఎల్ బోర్డు పెట్టు.”

పిన్ని ఆ పన్ను ఊడదీసి, చిగుళ్ళ రంగు ప్లాస్టిక్‌తో కొత్తది చేసింది. మొదటిదానికన్నా ఇదే ఆమెకి కష్టమైంది. ఆకారం అచ్చం కుదిరాక చేయి తనంతట తనే రంగు సీసా వైపు వెళ్ళేది. బాబాయి పక్కనే నిలబడి సీసా లాక్కునేవాడు.

ప్రదర్శన రోజు బాబాయి ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని చేప పక్కన నిలబడ్డాడు. వచ్చినవాళ్ళని, “తోసుకోకండి, లోపలికి జరగండి, అందరికీ సీటుంది,” అని నడిపించాడు. గులాబీ పన్ను దగ్గరికి వచ్చేసరికి మరింత గట్టిగా చెప్పేవాడు: “ఇది మా ఆవిడ పన్ను.”

ఇస్త్రీ అక్క తన మామగారిని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దాయన నోట్లో ఉన్నది పిన్ని చేసిన సెట్టే. ఆయన దవడని వంగి చూసి, తన పళ్ళు వేలితో తట్టుకుని పిన్నిని అడిగాడు: “అమ్మా, నాది ఏ చేపది?”

“మీది ప్లాస్టిక్ అండీ.”

పెద్దాయన మొహం వాడిపోయింది. “దాచకు తల్లీ. వేరుశెనగలు పటపట నములుతున్నాను.”

బాబాయి ఆయన చెవి దగ్గరికి వంగాడు. “మీది సొర. ఎవరికీ చెప్పొద్దంది.”

పెద్దాయన నిటారుగా అయిపోయాడు. హాలు దాటేలోపు కనిపించిన వాళ్ళందరికీ పళ్ళు చూపించాడు. “నేను చెప్పలా?” అన్నట్టు అక్క అందరి వైపూ చూసింది. పిన్ని బాబాయి చేయి గిల్లింది.

ఇప్పుడు ఒడ్డున బాబాయే ముందు నడుస్తాడు, చెప్పులు చేతిలో పట్టుకుని. కళ్ళకన్నా తన కాళ్ళే బాగా చూస్తాయంటాడు. వెనక మేమిద్దరం. రాళ్ళ బల్ల కింద ఊడ్చింది నేను ఇప్పటికీ జల్లెడ పట్టి గానీ పారేయను.

వీధిలో ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది, పెద్దాయన చలవ వల్ల. సొరచేప పన్ను ఏ మనిషి నోట్లోనూ లేదు. మనుషులకి చేసే పన్ను ఒకటి చేప నోట్లో ఉంది. కింది దవడ, ఎడమవైపు, చివరినుంచి మూడోది. గులాబీ రంగుది.